బావ తీసిన గోడలు

మొదటి ఫోటో వచ్చేసరికి ఆమె పళ్ళు తోముకుంటోంది. లోపలి గదిలో కంప్యూటర్ టింగుమనగానే నోట్లో బ్రష్షుతోనే వెళ్ళి తెర ముందు నిలబడింది. మంచం, మంచం మీద ముడత లేని తెల్ల దుప్పటి, పక్కన చిన్న బల్ల, బల్ల మీద నీళ్ళ సీసా. కిటికీకి కట్టిన తెర సగం తీసి ఉంది. మనిషి లేడు. బావ తీసే ఫోటోల్లో మనిషి ఎప్పుడూ ఉండడు.

"తెల్లారిందో లేదో మొదలెట్టేశాడు మహానుభావుడు," అని నురగ నోటితోనే గొణుక్కుని, ఉమ్మడానికి పెరట్లోకి పరుగెత్తింది.

బావ అంటే ఆమె మొగుడే. పెళ్ళయి, కూతురు పుట్టి, ఆ కూతురు వేరే ఊళ్ళో ఉద్యోగం వెలగబెట్టే వయసొచ్చినా ఆ పిలుపు మాత్రం మారలేదు. ఊరూరా తిరిగి లాడ్జీలకీ, అద్దెకిచ్చే ఇళ్ళకీ ఫోటోలు తీయడం అతని పని. ఈ రోజుల్లో గదిని కళ్ళతో చూసి దిగేవాళ్ళెవరు? ఫోన్లో ఫోటో చూసి అక్కడికక్కడే ఖాయం చేసుకుంటున్నారు. అందుకని కాలికి బలపం కట్టుకున్నట్టు నెలలో సగం రోజులు ఆ పాత కారేసుకుని తిరుగుతూనే ఉంటాడు. చుట్టాలు అతన్ని గోడల ఫోటోగ్రాఫర్ అంటారు. ఎవరింట్లోనైనా పెళ్ళికి కెమెరా తెమ్మని అడిగితే, "మనుషుల్ని తీయడం నావల్ల కాదు బాబూ, వాళ్ళు కదులుతారు," అని తప్పించుకునేవాడు.

కెమెరా అతనిది. మిగతా వ్యాపారమంతా ఆమెది, కంప్యూటర్లోనూ ఫోన్లోనూ ఉంటుంది. ఎవరు ఎప్పుడు రమ్మన్నారో ఒక యాప్ గుర్తుపెట్టుకుంటుంది. ఏ దారిన వెళ్ళాలో ఇంకొకటి చెబుతుంది. బావ కెమెరాలోంచి ఫోటో అతని ఫోన్లోకీ, అక్కడినుంచి క్షణాల్లో ఈ గదిలోకీ వచ్చేలా చేసేది మరొకటి. వాటిని బాగుచేసేది, లాడ్జివాళ్ళకి పంపేది, బిల్లు వేసేది, ఇలా దేని గోల దానిది. బావకి వీటిలో ఒక్కటీ పడదు. ఒకసారి దారి చెప్పే యాప్ మాట విని ఎవరిదో పెరట్లోకి కారు పోనిచ్చి, ఆరేసిన బట్టలన్నీ అద్దం మీదకి తెచ్చుకున్నాడు. అప్పటినుంచీ, "నువ్వు చెప్పు వింటాను, అది చెబితే మాత్రం వినను," అని మొండికేశాడు. ఆమె ఇక్కడ తెర చూస్తూ కుడికి తిప్పు, ఎడమకి తిప్పు అని ఫోన్లో చెబుతుంది. అందుకే ఆమెని మేనేజరు గారూ అని పిలుస్తాడు.

ఇన్నేళ్ళుగా ఆమె చేసిన అసలు పని మాత్రం ఒక్కటే, గోడలు తిన్నగా చేయడం. గది ఫోటోలో గోడ కొంచెం ఒరిగితే చాలు, చూసినవాడికి తెలియకుండానే ఆ గది నచ్చదు. కెమెరా పెట్టుకునే స్టాండు కారులోనే పడుంటుంది. దాన్ని మోసుకుంటూ మెట్లెక్కడం తన వల్ల కాదంటాడు బావ. చేత్తో పట్టుకుని తీస్తాడు. వాకిలి అంచునీ కిటికీ అంచునీ పట్టుకుని, వెంట్రుకవాసి తేడా లేకుండా ఒక్కొక్క ఫోటోనీ ఆమె నిలబెట్టేది. నిలబెట్టి నిలబెట్టి, ఆ ఒరుగులోనే బావని చదవడం వచ్చేసింది. రాత్రి నిద్రపోకపోతే గోడ ఒకలా ఒరుగుతుంది. ఆకలితో ఉంటే ఇంకోలా. ఒకసారి ఫోన్ చేసి, "జ్వరమా?" అని అడిగింది. "లేదే," అన్నాడు. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతూ అతనే ఫోన్ చేశాడు.

"నీకెలా తెలిసిందే?"

"నీ గోడలు చెప్పాయి."

ఆ మర్నాడే ఆమె ఒక చిన్న రసమట్టం కొని తెచ్చింది. తాపీమేస్త్రీలు గోడమీద పెట్టి చూసుకునేదే గానీ, కెమెరా నెత్తిన తగిలించుకునేంత బుల్లిది. గాజు గొట్టంలో ఆకుపచ్చ నీళ్ళు, అందులో ఒక బుడగ. బుడగ మధ్యలో నిలబడితే కెమెరా తిన్నగా ఉన్నట్టు. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వుండగా నాకిదెందుకు?" అని ఆమె బల్లమీదే పెట్టేసి పోయాడు. పోతూ పోతూ, బుడగ మధ్యకి రావడం లేదని బల్ల కోడు కింద అట్టముక్క మడిచి పెట్టాడు. అప్పటినుంచీ అది అక్కడే ఉంది. ఏమీ తోచనప్పుడు ఆమె దానికేసి చూస్తుంది.

ఈమధ్య ఆమె కుడిచేతి మణికట్టు పట్టేసింది. చెంబు ఎత్తితే ప్రాణం పోయినంత పని. కళ్ళకి పొరలు కమ్మినట్టు ఉంటోంది. పోయిన ఆదివారం కూతురు వచ్చి, తల్లి చేతికి కట్టుకున్న గుడ్డ చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏ కాలంలో ఉన్నావమ్మా? గోడలు నిలబెట్టడానికి మనిషి కావాలా? ఇన్నేళ్ళూ నువ్వు సరిచేసినవన్నీ చూసి ఈ యాపే నేర్చుకుంటుంది. ఆటోమేటిక్‌లో పెట్టేస్తున్నా. ఫోటో రాగానే అదే సరిచేస్తుంది, అదిరినవాటిని అదే పక్కన పెడుతుంది. అసలు ఫోటో ఎక్కడికీ పోదులే, కావాలంటే ఈ బటన్ నొక్కు, కనిపిస్తుంది."

బావకి ఫోన్లో ఈ సంగతి చెబితే పకపకా నవ్వాడు. "అయితే ఇక నా గుట్టు నీకు తెలియదన్నమాట."

"నీ గుట్టు ఎవరిక్కావాలి, నా చెయ్యి బాగుపడితే అదే పదివేలు," అంది ఆమె.

నిజంగానే ఈ వారం ఆమెకి పండగలా ఉంది. మధ్యాహ్నం నడుం వాల్చడమన్నది ఎన్నేళ్ళయిందో. ఒక్కటే దిగులు, బావ ఎడమ భుజం. కెమెరా మోసి మోసి పట్టేసిందంటాడు. బయల్దేరే ముందు రోజు చొక్కా వేసుకుంటూ చెయ్యి పైకెత్తలేక ఆగిపోవడం ఆమె చూసింది. వెళ్ళద్దని గుమ్మానికి అడ్డం నిలబడింది. తిరిగి రాగానే డాక్టర్ దగ్గరికి వస్తానని ఒట్టేయించుకుని గానీ కదలనివ్వలేదు. ఆ అపాయింట్‌మెంట్ ఎల్లుండికి. అదీ యాప్‌లో పెట్టింది, గంట మోగేలా.

పొద్దెక్కేకొద్దీ ఫోటోలు వస్తూనే ఉన్నాయి. ఒక అంతస్తు అయిపోయి రెండోది మొదలైంది. గదులన్నీ ఒక్కలాంటివే, దుప్పటి మాత్రం ఒకచోట నీలం, ఒకచోట తెలుపు. ఒక గదిలో గోడమీద నూనె తల ఆనించిన మచ్చ ఉంటే ఆమె దాన్ని చెరిపేసింది. ఇన్ని గదులు చూసింది గానీ వాటిలో ఒక్కదాంట్లోనూ అడుగుపెట్టింది లేదు. ఏ గదిలో ఎవరు ఏడ్చారో, ఎవరు నవ్వారో ఎవరికి తెలుసు, మచ్చలన్నీ తనే చెరిపేసిందాయె. పన్నెండు దాటాక ఫోన్ చేసింది.

"భుజం ఎలా ఉంది బావా?"

"ఎక్కడుండాలో అక్కడే ఉంది."

"ఎగతాళి చాలు గానీ, నొప్పి తగ్గిందా లేదా?"

"తగ్గిందిలే."

"ఆ ఆయాసమేంటి?"

"మెట్లెక్కానే తల్లీ. వీళ్ళకి లిఫ్టు లేదు."

"ఆపేసి ఎవరికైనా చూపించుకోరాదూ? అంత పెద్ద ఊళ్ళో ఒక్క డాక్టరే దొరకడా?"

"ఇంకొక్క అంతస్తు. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ ఇంత దూరం పడి రావాలి. రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటా. నామీద నమ్మకం లేకపోతే ఫోటోలు చూసుకోవే మేనేజరూ."

ఆమె చూసుకుంది. ఒకదాని తర్వాత ఒకటి తిప్పింది. తలుపులు, కిటికీలు, అల్మరాలు, అన్నీ గీత గీసినట్టు నిటారుగా ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు. ఆమె ప్రాణం కుదుటపడింది. ఇన్నేళ్ళ అలవాటు అలాంటిది మరి. గోడ తిన్నగా ఉందంటే బావ బాగున్నట్టే. వాటిని ఈ వారం నుంచీ తిన్నగా చేస్తున్నది ఎవరన్న ఆలోచన ఆమెకి రానే లేదు.

కానీ ఏదో మరిచిపోయినట్టు మాత్రం అనిపించింది. స్టవ్ ఆపలేదేమోనని వంటింట్లోకి వెళ్ళి చూసింది. ఆపే ఉంది. పెరట్లో కుళాయి చూసింది. వీధి తలుపు గడియ చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఈ వయసులో మతిమరుపు కూడా మొదలైందా అని తనని తనే తిట్టుకుని, నాలుగు ముద్దలు తిని, చాప వేసుకుని పడుకుంది. పడుకోగానే నిద్ర ముంచుకొచ్చింది.

లేచేసరికి ఎండ గోడమీద నుంచి దిగిపోతోంది. వెళ్ళి తెర చూసింది. కొత్త ఫోటో ఏదీ లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పనిలో ఉంటే ఎత్తడులే అనుకుని టీ పెట్టింది. నీళ్ళు మరగక ముందే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"ఫోటోలు తీసే సార్ వాళ్ళ ఇంటి నంబరేనా అండీ? నేను ఇక్కడ లాడ్జి మేనేజర్ని. సార్ పై గదిలో పడుకుని ఉన్నారండీ. అలిసిపోయారేమో అని మేమూ కాసేపు లేపలేదు..."

"ఎక్కడ పడుకున్నారు?"

"మంచం మీదండీ."

"దుప్పటి మీదేనా?"

"అవునండీ. ఇప్పుడు లేపుతుంటే..."

ఆ తర్వాత అతను చెప్పింది ఆమె వినలేదు, వినక్కర్లేదు. బావ ఫోటో తీసే గదిలో మంచం మీద కూర్చోడు. నడుం విరిగిపోతున్నా, కాళ్ళు లాగేస్తున్నా బయటికి వచ్చి మెట్లమీదే కూలబడతాడు. "దుప్పటి నలిగితే మళ్ళీ ఎవరు పరుస్తారు, పాపం," అంటాడు. అలాంటివాడు పడుకున్నాడంటే... ఆమె, "సరేనండీ," అంది. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ఆపింది. ఈసారి అది నిజంగానే వెలుగుతోంది. తిరిగొచ్చి నేలమీద కూలబడ్డాక గానీ గొంతులోంచి ఏడుపు రాలేదు.

బావని తీసుకొచ్చారు, పంపించేశారు. ఇల్లు నిండా జనం. కూర్చోవడానికి చోటు చాలక ఎవరో కంప్యూటర్ బల్లని గోడ మూలకి జరిపారు. జనం మధ్యలో ఆమె ఫోన్లో డాక్టర్ అపాయింట్‌మెంట్ గంట మోగింది. ఎవరో చుట్టం దాన్ని ఆపేసి, ఫోన్ బోర్లించి పెట్టింది.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయి కూతురు ఒక్కతే మిగిలిన రోజు, మధ్యాహ్నం పూట ఆమె కంప్యూటర్ పెట్టింది. ఫోటోలు సిద్ధంగా ఉన్నాయి, లాడ్జివాళ్ళకి పంపించమంటారా అని అడిగింది అది. దానికేం తెలుసు పాపం. చివరి ఫోటో తెరిచింది. అందమైన గది. తెల్ల దుప్పటి. నిటారు గోడలు. వేలు దానంతటదే వెళ్ళి కూతురు చూపించిన బటన్ మీద పడింది.

గది ఎడమవైపుకి ఒరిగిపోయింది. కిటికీ పక్కకి వాలింది. మంచం కిందికి జారిపోతున్నట్టుంది. ముందుది నొక్కింది. అదీ ఒరిగింది, కాస్త తక్కువ. దానికి ముందుది ఇంకాస్త తక్కువ. పొద్దున పళ్ళు తోముకుంటూ చూసిన మొదటి ఫోటో దగ్గరికి వచ్చింది. అందులోనే ఒరుగు మొదలైంది. అంత ఒరుగు ఆమె ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడలేదు. అదిరాయని కంప్యూటర్ పక్కన పెట్టేసిన ఫోటోల్లో అయితే గదే లేదు, వణికిన వెలుతురు తప్ప. ఇవి ఆ రోజే చూసుంటే మొదటి ఫోటోకే ఫోన్ చేసి నానా తిట్లూ తిట్టి ఆపించేది. లాడ్జివాళ్ళ కాళ్ళు పట్టుకునైనా ఆస్పత్రికి పంపించేది. ఫోటోలు చూసుకో అన్నాడే, గోడలు వాటంతటవే తిన్నగా అయిపోతాయని తెలిసే అన్నాడా? "ఇంత మోసమా బావా," అని పైకే అంది. కోపంతో పళ్ళు బిగుసుకున్నాయి. ఆ కోపం అతనిమీదో, తనమీదో, మధ్యాహ్నం పట్టిన ఆ నిద్రమీదో ఆమెకే తెలియలేదు.

వెనక అడుగుల చప్పుడయింది. ఆమె గబుక్కున బటన్ నొక్కింది. గోడలు నిలబడ్డాయి.

కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. లోపలికి రావడానికి భయపడుతున్నట్టు తలుపు పట్టుకుంది.

"అమ్మా... నాన్న చెయ్యి ఒరుగుతోందని నీకు తెలిసిపోయేది కదా. ఫోటోలు చూసి చెప్పేసేదానివి కదా. నేను అది ఆటోమేటిక్‌లో పెట్టకపోయుంటే..."

ఎన్నాళ్ళుగా దాచుకుందో ఆ మాట, ఇంట్లో జనం ఉన్నంతసేపూ నోరు నొక్కుకుని తిరిగింది. ఆమె కూతురి మొహంకేసి చూసింది. ఈ పిల్ల ఇంకా ఎన్నేళ్ళు బతకాలి, ప్రతి గోడనీ చూస్తూ.

"పిచ్చిమొహమా, ఇలా రా," అంది. "ఇప్పుడే చూశాను. అసలువి కూడా అన్నీ చూశాను. చివరిదాకా తిన్నగానే తీశాడమ్మా మీ నాన్న. చెయ్యి ఇంతైనా వణకలేదు. నేను చూసుకున్నా ఏమీ తెలిసేది కాదు."

"నిజంగానా?"

"గోడల సంగతి నాకంటే ఎవరికి తెలుసే?"

కూతురు వచ్చి తల్లి ఒళ్ళో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, తేలికపడి, మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది.

కుళాయి చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు ఆగేలోపు అయిపోవాలి. ఆమె అసలు ఫోటోలు ఒక్కొక్కటే తెరిచి, బావ చెయ్యి ఎంత ఒరిగిందో కళ్ళనిండా చూసుకుని తీసేయసాగింది. తీసేస్తే మళ్ళీ రావు, నిజంగానే తీసేయాలా అని ప్రతిసారీ అడిగింది అది. ప్రతిసారీ అవునంది. చివరి గది దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. బావ చెయ్యి పట్టిన ఆఖరిది అదొక్కటే మిగిలింది. పెరట్లో కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది. కళ్ళు మూసుకుని నొక్కింది.

కూతురు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, "టీ పెట్టనా అమ్మా?" అంది. పెట్టమంది. బల్ల జరిపినప్పుడు కోడు కిందనుంచి జారిపోయిన అట్టముక్క ఎక్కడుందో ఎవరూ చూడలేదు. కంప్యూటర్ పక్కన ఆ బుల్లి రసమట్టంలో, ఆకుపచ్చ నీళ్ళల్లో, బుడగ మధ్యకి రాలేక ఒక చివర ఆగిపోయి ఉంది.