నీలం ఆగినచోట

ఆ ఉదయం వియన్నా ఆకాశం మంచూ కురిపించక, తెరిపీ ఇవ్వక, పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఇళ్ళ కప్పుల మీదికి వేలాడుతోంది. థెక్లా బల్లను కిటికీ దగ్గరికి లాక్కుంది. వెలుగు చాలకపోతే రంగు చిక్కనైందో పలచనైందో తెలియదు.

నెపోలియన్ ఓడిపోయాక దేశాలు పంచుకోవడానికి రాజులూ మంత్రులూ ఈ ఊళ్ళో దిగి నెలలవుతోంది. వాళ్ళ కచేరీలో ఆమె భర్త ఇగ్నాత్స్ పటాలు గీసే గుమాస్తా. గీతలు అతనివి. రంగులు మొదటినుంచీ థెక్లావి. కుంచె పట్టడానికి అతని చెయ్యి బరువు. ఆ సంగతి గడప దాటదు. కోడలు కుంచె పట్టుకుని కూర్చోవడం రోజూ చూస్తూనే, అత్తగారు మెట్ల మీద కనబడ్డవాళ్ళందరికీ, “మా అబ్బాయి రంగులంటే మంత్రులకు ఎంత ముచ్చటో! ఈవిడా? కుంచెలు కడిగి పెడుతుంది, అంతే,” అని చెబుతుంది.

ఈరోజు వచ్చింది సాక్సనీ పటం. థెక్లా పుట్టిన దేశం.

“ఈ గీతకి పైనంతా ప్రష్యావాళ్ళకి. నీలం వెయ్యి. సాయంత్రానికి కావాలి,” అన్నాడు ఇగ్నాత్స్.

నీళ్ళరంగు పై అంచున మొదలుపెడితే తడి ఆరనివ్వకుండా కిందికి లాక్కురావాలి. మధ్యలో ఆగితే ఆగినచోట మరక కట్టేస్తుంది, మరి ఏం చేసినా పోదు. థెక్లా కుంచె వెంట నీలం దిగుతోంది. ఒక ఊరు మునిగింది, ఇంకో ఊరు మునిగింది. దాని కింద, గీతకి కాస్త పైన, ఎర్లెన్‌డార్ఫ్ అన్న అక్షరాలు కనబడ్డాయి.

“ఏమండీ, మా ఊరు అటు పోయిందా?”

“ఊళ్ళెవరు చూస్తారే? తలలు లెక్కేసి పంచుకుంటున్నారు. వాళ్ళకి తక్కువైన తలలు అక్కడ దొరికాయి.”

“మా అమ్మ?”

“మీ అమ్మా ఒక తలే. ఆవిడకేం మారుతుంది? అదే పొయ్యి, అవే బాతులు. ఒక్క ముసలావిడ కోసం యూరప్ ఆగుతుందా? చెయ్యి ఆపకు, ఆరిపోతోంది!”

చెయ్యి ఆపకు. పెళ్ళయి ఈ ఇంట్లో కాలుపెట్టిన నాటినుంచీ వింటున్న మాటే. పిండి పిసుకుతుంటే చెయ్యి ఆపకు, ఆయన చొక్కాకి గంజి పెడుతుంటే చెయ్యి ఆపకు. మా క్యాథలిక్ గుడికి రా అన్నారు, వెళ్ళింది. మీ లూథర్ పాటలు ఇక్కడొద్దు అన్నారు, మానేసింది. ఏ ఇంటికి పంపితే ఆ ఇంటి మనిషివి అని అమ్మే చెప్పి పంపింది. పాపం, ఇప్పుడు అమ్మ వంతు. తనను ఇచ్చినప్పుడు కనీసం బండెక్కించారు. అమ్మను కూర్చున్న పీట మీద కూర్చున్నట్టే ఉంచి ఇచ్చేశారు. ఇచ్చినవాళ్ళెవరో అమ్మ ముఖం కూడా చూడలేదు, అమ్మ మీదికి దిగవలసిన చెయ్యి మాత్రం తనది.

థెక్లా కుంచెను నీళ్ళలో పెట్టేసింది.

“అయ్యో, మరక కడుతోందే!” ఇగ్నాత్స్ లేచి నిలబడ్డాడు.

“మొగుడి ఉద్యోగం తీయిస్తావా ఏం?” పొయ్యి దగ్గరినుంచి అత్తగారు అరిచింది.

“రంగులు మీ అబ్బాయివేగా అత్తయ్యా. ఆయన్నే వేయనివ్వండి.”

“సాయంత్రం నేనేం చూపించను?” అన్నాడతను.

“మీరు వేసింది.”

ఆమె చేతులు కడుక్కుంది. ఇగ్నాత్స్ కుంచె తీసుకున్నాడు. ఎర్లెన్‌డార్ఫ్ మీద నీలం మడుగు కట్టింది, గీత దాటింది, అద్దబోతే ఇంకా పాకింది. అతను వేళ్ళతో తుడిచాడు.

మధ్యాహ్నం గంట కొట్టారు. థెక్లా సూప్, ఉడికించిన మాంసం, నంజుకోవడానికి తురిమిన ఘాటుదుంప తెచ్చి బల్ల మీద పెట్టి, ఎవరికీ వడ్డించకుండా కూర్చుంది. ఇగ్నాత్స్ రొట్టె అందుకుంటే దాని మీద నీలపు వేలిముద్ర పడింది. అత్తగారు అది చూసింది. నోటిదాకా వచ్చిన మాటను సూప్‌తో కలిపి మింగేసింది. అతను ఆ మచ్చ పడిన ముక్కనే తుంచుకుని నమిలాడు. ముగ్గురూ తిన్నారు.