యాకోబు తన కూతురికి

తాడేపల్లిగూడెం హైస్కూల్లో తెలుగు చెప్పే క్యాథరిన్, గుడిలో అర్థం తెలియకుండా పాడుతున్న లాటిన్ కీర్తనల కోసం ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆదివారం ఆదివారం ప్యాసింజర్ ఎక్కి ఏలూరులో ఫాదర్ సత్యానందం గారి దగ్గరికి వచ్చేది.

2005 ఆగస్టులో ఒక ఆదివారం సర్వనామాల పాఠం వచ్చింది.

"పని చేసినవాడి సొంతమైతే 'సుఉస్', వేరేవాడిదైతే 'ఎయుస్' అమ్మా. ఇంగ్లీషులో రెంటికీ 'హిజ్' ఒక్కటే. అందుకే మేమంతా సెమినరీలో తప్పులు రాసేవాళ్లం," అన్నారు ఫాదర్.

"మనకి తేడా తెలుస్తుంది కదండీ. 'రాజు తన గుర్రం ఎక్కాడు' వేరు, 'రాజు అతని గుర్రం ఎక్కాడు' వేరు."

ఫాదర్ కళ్లజోడు తీసి ఆమె వంక చూశారు. "నలభై ఏళ్లుగా ఇంగ్లీషు మీదుగా చెబుతున్నాను. ఇంత దగ్గర దారి తట్టనే లేదు."

క్యాథరిన్ ఆ మాట వినలేదు. ఆమెకి ఇంకేదో గుర్తొచ్చింది. నాయనమ్మ మణెమ్మ ట్రంకుపెట్టెలో ఇంగ్లీషు కాగితం ఒకటుంది. మణెమ్మ పెళ్లప్పుడు ఈ ఏలూరు గుడివాళ్లే ఇచ్చిన ఆమె జ్ఞానస్నానం నకలు. 1938 వరదలో యాకోబు, బాలస్వామి ఒకే దోనెలో ఉన్నారనీ, చావుబతుకుల్లో ఉన్న 'హిజ్' కూతురికి యాకోబు జ్ఞానస్నానం ఇచ్చాడనీ అందులో ఉంది. ఎవరి కూతురు? తల్లి ఆ వరదలోనే పోయింది. ఏడాది తిరక్కుండా యాకోబూ పోయాడు. బాలస్వామి ఊరొదిలిపోయాడు. వరదకి ఎక్కణ్నించో కొట్టుకొచ్చినవాళ్ల సంగతి ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదు, మణెమ్మ బాలస్వామి బిడ్డేనని అనేవాళ్లు.

"ఏవండీ ఫాదర్, 1938 జ్ఞానస్నానాల రిజిస్టరు ఉందాండీ?"

పక్క గది బీరువాలో ఉంది. చెదలు తిన్న అంచులు చిరక్కుండా ఇద్దరూ పుటలు తిప్పారు. సిరా వెలిసిపోయింది గానీ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. క్యాథరిన్ వేలు పెట్టి కూడబలుక్కుంది. "యాకోబుస్ ఇప్సె... ఫిలియామ్..." తర్వాతి మాట దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"సువామ్," అంది మెల్లగా. "సుఉస్ కి రూపమేనాండీ?"

"అదేనమ్మా. 'తన కూతురికి'. ముందున్న 'ఇప్సె' అంటే తనే, స్వయంగా అని. ఫాదర్ వచ్చేలోగా బిడ్డ దక్కదేమోనని తండ్రే నీళ్లు పోశాడు."

ఆ వాక్యం చేతి మీదే రాసుకుని క్యాథరిన్ పెదపాడు బస్సు కోసం పరుగెత్తింది.

మణెమ్మ పెరట్లో చేపలు తోముతోంది. మనవరాలు రొప్పుతూ లాటిన్ చదివి, తెలుగులో చెప్పింది: "యాకోబు తనే తన కూతురికి జ్ఞానస్నానం ఇచ్చాడు."

"మళ్లీ చెప్పవే."

క్యాథరిన్ మళ్లీ చెప్పింది.

"'అతని' అని లేదు కదా?"

"లేదు నాయనమ్మా. 'తన' అనే ఉంది."

అరవై ఏడేళ్ల మణెమ్మ చేతిలోని చేపని పక్కన పెట్టింది. "మా నాన్న చేత్తోనే పోశాడన్నమాట," అంది. తర్వాత గబగబా చేతులు కడుక్కుని, కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"పదవే. ఎదురింటి వెంకటనరసమ్మ నన్ను బాలస్వామి కూతురా అని పిలిచి పిలిచి ముసలిదైపోయింది. దానికీ చదివి చెబుదువు గాని."

క్యాథరిన్ చెప్పులు వేసుకునేలోపే ఆమె వీధి దాటేసింది.