నలభై ముక్కల చొక్కా

మా ఊరు జుసన్-బులక్‌లో తెల్లారకముందే లేచేవి రెండే: కోళ్ళూ, కోడళ్ళూ. కోళ్ళైనా ఒక్కోరోజు బద్ధకిస్తాయేమో గానీ బురుల్చా మాత్రం బద్ధకించదు. పురిటి మంచం దిగి నెల కూడా కాలేదు. అయినా ఆవు పాలు పితికింది, చాయ్ కాచే సమోవర్ రాజేసింది, రాత్రి నానిన పిండిని మళ్ళీ ఒకసారి మర్దించి తందూరు గోడకి నాన్‌లు కొట్టింది. చంటిపిల్ల ఉమ్సున్ లోపల ఉయ్యాల్లో నిద్రపోతోంది. మూడేళ్ళ తైయిర్ తందూరు పక్కన, వెచ్చదనానికి మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

వాడి వెనకాల కుక్క మొరిగింది. పక్కింటి కోళ్ళు బెదిరి ఎగిరాయి. తైయిర్ తల తిప్పలేదు.

అరుగు మీద అత్తగారు సాదత్ చాయ్ ఊదుకుంటూ, "ఇదుగో, మళ్ళీ అదే. మీ వాళ్ళ చెవే! మీ పుట్టింటి తాష్-కెచూ చెవిటి మేళం అంతా నా కొంపకే రావాలా?" అంది.

బురుల్చా వేడి నాన్ తుంచి కొడుక్కిచ్చింది. వాడు ఆ ముక్క పట్టుకుని నానమ్మ ముందుకెళ్ళి, రెండు వేళ్ళు పెదాలకి ఆనించి, అవే వేళ్ళతో తన మోకాలు తట్టాడు. 'నా పక్కన కూర్చుని తిను' అని దానర్థం. వాళ్ళమ్మ నేర్పింది. సాదత్ ఎప్పట్లాగే ఆ సైగ చూడగానే మొహం తిప్పుకుని, చాయ్ గిన్నె అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

మా దగ్గర బిడ్డకి నలభయ్యో రోజున నలభై చెంచాల నీళ్ళు పోసి, నలభై గుడ్డముక్కలతో కుట్టిన చొక్కా తొడుగుతారు. అన్ని లోయల్లోనూ చేసేదే. మా లోయలో ఏమిటంటే, తొడిగిన తర్వాత, కుండలో మాంసం ఉడికేలోపు ఆ ముక్కలు జరుగుతాయి. రక్త సంబంధం ఉన్నవాళ్ళవి తమ తమ చోట్లకి పోతాయి, లేనివాళ్ళవి కుట్టిన చోటే ఉంటాయి. ముందు చీలిక దగ్గరకొచ్చి ఆగిన ముక్క ఎవరిదో బిడ్డ ముక్కు వాళ్ళది. మెడపట్టీకి ముందువైపు గడ్డం, రెండు పక్కలా చెవులు, వెనక జుట్టు. నేనిచ్చే పసుపు ముక్క ఏ బిడ్డకైనా సరే అంచుకే పోతుంది. మా వంశం నుంచి ఈ ఊరికి దక్కేది వంకర కాలివేళ్ళే, ఏం చేస్తాం! ముక్కల తీరు చూసి ముసలమ్మలు 'ఇది మేనమామ నుదురు, అది తాత మొండితనం' అని చెప్పుకుని, మాంసం తిని ఇళ్ళకి పోతారు.

ముక్క వేసుకున్న బట్టలోదై ఉండాలి. కొత్త గుడ్డకి ఏమీ తెలియదు.

తైయిర్ చొక్కాలో ఎడమ చెవి దగ్గర ఆకుపచ్చ మఖ్మల్ ముక్క ఒక్కటే కనబడింది. అది బురుల్చా వాళ్ళమ్మది. బిడ్డకి వినపడదని తేలాక ఇంకేముంది, ఊరంతా ఆ మఖ్మల్‌నే చూసింది. పైగా తాష్-కెచూలో గుర్రపు జీన్లు కుట్టే బేషెన్ అని బురుల్చాకి వరసకి మామ ఒకాయన ఉన్నాడు, పుట్టు చెవిటివాడు. ఆ సైగ ఆయనదే. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పుడు రెండో కాన్పు. సాదత్ కొడుకు ఎమిల్‌ని పిలిచి, కోడలు వింటుండగానే తేల్చి చెప్పింది.

"నలభయ్యో రోజు చొక్కా చూద్దాం. చెవి దగ్గర ఏ ముక్కా లేకపోతే పిల్ల మంచిది, పిల్ల మనది. ఇది ఆ మూగవాణ్ణి తీసుకుని పుట్టింటికి పోతుంది. ముక్క ఉందా, ఇద్దర్నీ తీసుకుని పోతుంది. ఎటైనా పోవడం మాత్రం ఖాయం."

ఎమిల్ గొర్రెల కాపరి. తోడేలు ఎదురొస్తే కర్ర తీసుకుని నిలబడతాడు. తల్లి ఎదురొస్తే మటుకు నోట్లో నాలుక ఉండదు. నేల చూస్తూ, "ఆపా, చలికాలం వస్తోంది కదా..." అన్నాడు. ఆపా అంటే మాకు అమ్మ; కోడళ్ళూ అత్తని అలాగే పిలుస్తారు.

"చలి పుట్టింట్లో ఉండదా ఏం?" అంది సాదత్.

బురుల్చా ఆ పూట ఏడ్చింది. బాగా ఏడ్చింది. ఏడుపయ్యాక మొహం కడుక్కుని, ఉమ్సున్‌ని కంబళిలో చుట్టుకుని నర్సు జిపార్ దగ్గరికి వెళ్ళింది. జిపార్ నలభై ఏళ్ళ మనిషి, ఊళ్ళో చిన్నవాళ్ళకి ఎజె, అంటే అక్క, జిల్లా ఆసుపత్రిలో పనిచేసి వచ్చింది.

"జిపార్ ఎజె, నిజం చెప్పు. నా బిడ్డకి చెవుడు నేనిచ్చానా?"

"ఇచ్చావు. సగం," అంది జిపార్. "మిగతా సగం ఎమిల్ ఇచ్చాడు. ఒంట్లో ఇలాంటివన్నీ జంటగా ఉంటాయమ్మా. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. మీ ఇంటి చెవుడు లాంటిది మహా సిగ్గరి. ఒంటరిగా వస్తే మూల నక్కి కూర్చుంటుంది, ఉన్నట్టే తెలియదు. రెండోవైపు నుంచి తోడు వస్తేనే బయటపడుతుంది. నీకూ ఎమిల్‌కీ నక్కి కూర్చున్నదే ఉంది. మీకిద్దరికీ వినపడుతుందా లేదా?"

"మరి దీనికి?" బురుల్చా పిల్లని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది.

జిపార్ కిటికీ గూట్లోంచి పిల్లలాడుకునే గొర్రె మడమ ఎముక తీసి బల్ల మీద విసిరింది.

"దీనికి నాలుగు పక్కలు. నాలుగూ సమానంగా పడతాయనుకో. ఒక పక్క పడితే చెవుడు. రెండు పక్కల్లో ఏది పడినా మీలాగే లోపల దాచుకుని తిరుగుతుంది, వినపడుతుంది. నాలుగోది పడితే అసలేమీ లేదు."

"తైయిర్‌కి ఒకసారి పడిపోయింది కదా ఎజె, ఇంక మూడు కాన్పుల దాకా పడదుగా?"

"ఎముకకి జ్ఞాపకం ఎక్కడిదే పిచ్చిదానా? ప్రతిసారీ కొత్తగా విసిరినట్టే."

బురుల్చా లేచిందల్లా గుమ్మంలోనే ఆగిపోయింది. "ఎజె, జంట ఉంటేనే చెవుడైతే, తైయిర్ చొక్కాలో ఒక్క ముక్కే ఎందుకుంది?"

జిపార్ ఎముకని గుప్పిట్లో పెట్టుకుని, "అది నువ్వే వెతకాలి," అంది.

ఇంటికొచ్చి పెట్టె తీసి తైయిర్ చొక్కా వెలుతుర్లో పెట్టి చూసింది. ఆకుపచ్చ మఖ్మల్ పక్కనే, బొటనవేలంత మేర, సూది కన్నాలు వరసగా ఉన్నాయి. కన్నాలు ఉన్నాయి గానీ ముక్క లేదు. ఒక కన్నంలో గోధుమరంగు పోగు ఇరుక్కుని ఉంది. ఇంట్లో గోధుమరంగు ఉన్ని చేతుల్లేని కోటు ఒక్కరే తొడుక్కుంటారు. బురుల్చా చొక్కా మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టింది.  అరిస్తే ఒక పూట జరుగుతుంది, తర్వాత మళ్ళీ మామూలే. ఇది నలుగురిలో తేలాలనుకుంది.

మర్నాడు పెళ్ళి కుదిర్చిన పెద్దాయన సరిక్‌బాయ్‌ని దారిలో ఆపి అడిగింది.

"అతా, మా పెళ్ళప్పుడు రెండువైపులా ఏడు తరాలు లెక్కపెట్టారు కదా?"

"పెట్టకేం! ఏడుగురు తండ్రులు అటు, ఏడుగురు ఇటు. ఒక్క పేరూ కలవలేదు. తప్పు పట్టేవాడు పుట్టలేదు."

"తల్లుల్ని లెక్కపెట్టారా?"

ఆయన గడ్డం నిమురుకుని నవ్వాడు. "ఆడవాళ్ళని కూడా లెక్కపెడితే వేళ్ళు చాలవమ్మా."

"మీకు చాలకపోతే నావి ఉన్నాయి," అని బురుల్చా నడిచింది.

గుడ్డముక్కలు అడుక్కునే వంకన పిల్లని ఎత్తుకుని తాష్-కెచూ వెళ్ళింది. తల్లి దగ్గర ఒకటి తీసుకుంది. బేషెన్ మామ పనిబట్టల్లోంచి బూడిదరంగు ముక్క ఒకటి కత్తిరించుకుంది. ఆయన నవ్వితే గడ్డం మీద సొట్ట పడింది. ఉమ్సున్‌కీ అచ్చం అదే సొట్ట.

"అమ్మా, బేషెన్ మామ తల్లి ఎవరు?"

"మా పెద్దమ్మ కాలిపా. మా అమ్మకి అక్క. నిన్నిచ్చిన ఆ ఊళ్ళోనే ఇచ్చారు. చెవిటి పిల్లాణ్ణి కన్నదని మూడేళ్ళ వాడితో సహా వెళ్ళగొట్టారు. వినిపించే ఆరేళ్ళ కూతురుంటే, అది మా వంశం అని లాగేసుకున్నారు. ఆ పిల్ల పేరెత్తితే చాలు, పెద్దమ్మ ఏడ్చేది. అందుకే ఎవరం అడిగేవాళ్ళం కాదు."

"నా పెళ్ళప్పుడు ఈ మాట చెప్పలేదేమిటమ్మా?"

"వాళ్ళడిగారా? ఏడుగురు తండ్రుల పేర్లడిగారు, చెప్పాం."

బురుల్చా ఉమ్సున్ వైపు చూసుకుంది. వినిపించే ఆడపిల్ల.

తిరిగొచ్చాక అత్తగారిని ముక్క అడిగితే, ఆవిడ మడత విప్పని శాలువాలోంచి కొత్త గుడ్డ కత్తిరించి ఇచ్చింది. బురుల్చా కళ్ళకద్దుకుని తీసుకుంది. ఆ వారం బట్టలుతికేటప్పుడు అత్తగారి గోధుమరంగు కోటు లోపలి అంచులోంచి వేలెడంత ముక్క కోసుకుంది. శాలువా ముక్కతో పొయ్యి తుడిచింది.

నలభయ్యో రోజు పొద్దున్నే ఊరంతా సాదత్ ఇంట్లో దిగింది. ఎమిల్ గొర్రెను కోశాడు. ముసలమ్మలు తలా ఒక చెంచా నీళ్ళు పోశారు. చొక్కా తొడిగి, ఉమ్సున్‌ని పరుపుల మధ్య పడుకోబెట్టి, బూరెల్లాంటి బోర్సోక్‌లు తింటూ కూర్చున్నాం. వాకిట్లో బండి కట్టడానికి గుర్రపు జీను కూడా తీసిపెట్టి ఉంది. బురుల్చా మూట గుమ్మం పక్కనే ఉంది. అది చూసి నేను చేతిలో బోర్సోక్ పక్కన పెట్టేశాను.

మాంసం వాసన వచ్చేసరికి ముక్కలు కదలడం మొదలెట్టాయి. నా పసుపుది అంచుకి పోయింది, సరే. ఎమిల్ నీలం ముక్క ముందు చీలిక దగ్గర ఆగింది.

"ముక్కు తండ్రిదే," అంది ఒకావిడ.

బూడిదరంగు ముక్క మెల్లగా పాకి, మెడపట్టీ ముందుకొచ్చి కూర్చుంది.

"గడ్డం ఎవరిదే అది?" సాదత్ ముందుకి వంగింది. "ఆ సొట్ట మా ఇంటిది. నాకూ ఉంది చూడండి. ఆ గుడ్డ ఎవరిచ్చారు?"

"చెప్తాను ఆపా. ముందు అన్నీ ఆగనివ్వండి," అంది బురుల్చా.

అందరికన్నా చివర గోధుమరంగు ముక్క కదిలింది. భుజం ఎక్కింది. కుడి చెవి దగ్గరకొచ్చి ఆగింది.

 ఒక ముసలమ్మ, "అయ్యో, ఇదీ చెవిటిదేనా!" అని నోరు నొక్కుకుంది. ఇంకో ఆవిడ ముక్కని పరకాయించి చూసి, "సాదత్, ఇది నీ కోటు కాదూ?" అంది.

సాదత్ కోటు అంచు గుప్పిట్లో దాచుకుంది.

బురుల్చా లేచింది. సమోవర్ మూత తీసి, పిల్లకి వెనకగా నిలబడి, ఇనప పళ్ళెం మీద ఠంగుమని కొట్టింది. మేమందరం ఉలిక్కిపడ్డాం. ఉమ్సున్ మాకన్నా ఎక్కువ ఉలిక్కిపడి, ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది. ఆ ఏడుపంత మంచి చప్పుడు నేను వినలేదు.

"ఒక్క ముక్క ఉంటే చెవుడు రాదు," అంది నర్సు జిపార్ మూలనుంచి. "దాచుకుని తిరుగుతుంది, అంతే. రెండు ఉండాలి."

"రెండు ఉండాలి," అని బురుల్చా తైయిర్ చొక్కా తెచ్చి అందరి మధ్యా పరిచింది. "ఇక్కడ ఒకటి ఉంది, మా అమ్మది. దీని పక్కన ఖాళీ కన్నాలు చూడండి. రెండోది ఎక్కడుందో నేనడగను. బూడిద ముక్క ఎవరిదో మాత్రం చెప్తాను. అది తాష్-కెచూ జీన్ల బేషెన్‌ది. మీరు రోజూ దెప్పే చెవిటి మామది. ఆయన తల్లి పేరు కాలిపా. ఆరేళ్ళ కూతుర్ని ఈ ఊళ్ళోనే వదిలేసి పోయింది. కాదు, వదిలేసేలా చేశారు."

కాలిపాని ఎరిగిన పెద్దవాళ్ళెవరూ ఊళ్ళో మిగల్లేదు. సాదత్ చెయ్యి తలగుడ్డ కొంగు ముడి దగ్గరికి పోయింది. తాళంచెవి ఉంటుందనుకునే వాళ్ళం ఆ ముడిలో. మూడేళ్ళుగా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. విప్పింది. బొటనవేలంత గోధుమరంగు ముక్క.

"బేషెన్ బాగున్నాడా?" అంది.

"బాగున్నాడు ఆపా. మొన్ననే చూశాను. నవ్వుతాడు."

"బండి మీద కూర్చుని నాకేసి ఆ సైగే చేశాడే. రా, కూర్చో, తిందాం అని. బండి మలుపు తిరిగేదాకా చేస్తూనే ఉన్నాడు." సాదత్ తైయిర్ చొక్కా తడిమింది. "వీడు అదే సైగ చేస్తుంటే నాకు తెలియదా? తెలుసు. అడగడానికి భయమేసింది. వీడి చొక్కాలో నా ముక్క చెవి దగ్గర ఆగగానే, ఎవరూ చూడకముందే ఊడబీకాను. ఇది ఎవరికైనా కనబడితే మా అమ్మని పంపినట్టు నన్నూ పంపేస్తారని భయం. ఈ వయసులో, నాకు భయమే!" అని చేత్తో గుండె మీద కొట్టుకుంది.

ఎవ్వరం ఓదార్చలేదు. అది ఓదార్పుకి లొంగే ఏడుపు కాదు.

కాసేపటికి ఆవిడే కళ్ళు తుడుచుకుని, "ఎమిల్!" అని కేకేసింది. "పంపేదుంటే బండి కట్టు. ముందు నన్నెక్కించు, తర్వాత నీ పెళ్ళాన్ని. ఆ చెవి సగం నాది."

ఎమిల్ జీను ఎత్తుకున్నాడు. బండి కట్టేస్తాడనే అనుకున్నాం. వాడు దాన్ని తీసుకెళ్ళి కొట్టంలో మేకుకి తగిలించి వచ్చి, భార్య మూటని లోపల పెట్టాడు. వాడి జన్మకి తల్లి ముందు తనంతట తాను చేసిన మొదటి పని అదేననుకుంటా.

"బండి రేపు కడతాను," అన్నాడు. "మామయ్యని తీసుకురావడానికి."

సాదత్ సూది తీసి, దారం ఎక్కించమని బురుల్చాకి ఇచ్చింది. ఆ దారంతో తన ముక్కని, పాత కన్నాల్లోంచే, ఆకుపచ్చ మఖ్మల్ పక్కన కుట్టింది. దారం కొరికాక తల ఎత్తింది. తైయిర్ గుమ్మం దగ్గర నిలబడి, ఇంతమంది ఎందుకు ఏడుస్తున్నారో అర్థంకాక చూస్తున్నాడు.

సాదత్ రెండు వేళ్ళు పెదాలకి ఆనించి, తన మోకాలు తట్టింది.

వాడు ఒక్క క్షణం నమ్మలేదు. తర్వాత పరుగెత్తుకొచ్చి ఆ మోకాలి మీద కూర్చుని, చేతిలో ఉన్న బోర్సోక్‌ని తుంచి, పెద్ద ముక్క నానమ్మ నోట్లో పెట్టాడు.