గంట క్యాసెట్‌లో గంటన్నర

బోల్టుల షావుకారు ఇంట్లో వృథా అనే మాటకు చోటు లేదు. వంగిన మేకును కూడా పారేయకుండా డబ్బాలో వేసుకునే మనిషి. అలాంటాయన చేతికి ఒక పొద్దున కాఫీ గ్లాసు అందిస్తూ, "పాప గొంతు ఎలా ఉండేదో నాకు గుర్తు రావడం లేదండీ" అంది భార్య.

పాప పోయి పద్నాలుగేళ్లు. తొమ్మిదో ఏట నాలుగు రోజుల జ్వరం తీసుకుపోయింది. గోడ మీద ఆరు ఫొటోలున్నాయి, ముఖం మరిచిపోతామన్న బెంగ లేదు. గొంతుకు ఫొటో ఉండదు కదా. ఇప్పుడు పిల్ల కల్లోకి వచ్చినా పెదాలు కదుపుతోందే కానీ మాట వినబడటం లేదట.

బీరువాలో ఒకే ఒక్క వీడియో క్యాసెట్ ఉంది, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. పాప పోయాక దాన్ని చూసే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. షావుకారు దాన్ని జేబులో వేసుకుని వీడియో ఆయన దుకాణానికి నడిచాడు.

వీడియో ఆయన పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి బతుకుతున్నాడు. క్యాసెట్ తిప్పి చూసి, "ఎర్ర వైరూ పచ్చ వైరూ పెట్టి దించితే బొమ్మ నీళ్లు కలిపిన పాలలా ఉంటుందండీ. కెమెరాలో పెట్టి ఈ సన్న వైరుతో దించితే టేపు మీద ఏముందో అదే వస్తుంది, తరుగు ఉండదు" అన్నాడు.

"తరుగు లేని వ్యాపారం ఉంటుందా?"

"ఇదొక్కటే."

తన కెమెరాలో పెట్టి ఆడించాడు. తెర నిండా గళ్లు. గళ్ల వెనక ఒక సైకిలు, పసుపు గౌను. శబ్దం అసలు లేదు. ముందుకు తిప్పితే గళ్ల వెనక ఇనప అరలు, అట్టడబ్బాలు.

"ఇదేంటండీ?"

"మా గోడౌన్. సరుకంతా వీడియో తీసి పెట్టుకోమన్నారు బీమా వాళ్లు. ఇంకో క్యాసెట్ ఎందుకని దీని మీదే తీశాను."

వీడియో ఆయన తల గోక్కున్నాడు. "గంట క్యాసెట్‌లో గంటన్నర పట్టేలా బటన్ నొక్కారు. అలా నొక్కితే టేపు మీద గీతలు సన్నబడతాయి. వాటిని తీసిన కెమెరా చదివినట్టు వేరేది చదవలేదు."

"అరగంట ఊరికే వస్తోంది కదా అనుకున్నాను."

"మేకులు తూచేటప్పుడు కొసరు అడిగితే, ఊరికే ఏదీ రాదని మీరే అంటారు."

పాప పోయిన మూడో నెలలో ఆ కెమెరాను షావుకారే అమ్మేశాడు. కళ్లెదుట ఉంటే మనసు తొలిచేస్తుందన్నది ఒక కారణం. మూల పడితే ధర పడిపోతుందన్నది ఇంకొకటి. ఏది ఎక్కువ బరువో ఎన్నడూ తూచుకోలేదు. కొన్నవాడు తోడల్లుడు, భార్య చెల్లెలి మొగుడు.

మధ్యాహ్నానికి వాళ్లింటికి వెళ్లాడు.

"అమ్మిన సరుకు వాపసు లేదని మీ షాపు గోడ మీద రాసుంది కదా అన్నయ్యా" అన్నాడు తోడల్లుడు.

"వాపసు కాదు. ఒక పూట అరువు."

"అరువు రేపు అని కూడా రాసుంది. కావాలంటే రేపు రా."

"ఆ వేళాకోళం ఆపి మనిషి ఎందుకొచ్చాడో కనుక్కోండి" అని లోపలినుంచి మరదలు కేకేసింది.

షావుకారు చెప్పాడు. తోడల్లుడు స్టూలు వేసుకుని అటక ఎక్కాడు. దుమ్ము తుడిచి, కెమెరాను రెండు చేతులా అందించాడు. "మోటారు నీరసంగా ఉంది. మా పిల్లల క్యాసెట్లు ఐదున్నాయి, అన్నీ దీంట్లో తీసినవే. నువ్వు నేర్పిన బటనే నేనూ నొక్కాను. దీన్ని ఉన్నదున్నట్టు తెచ్చివ్వు."

కెమెరాకు సన్న వైరు తగిలించి వీడియో ఆయన బటన్ నొక్కాడు. మోటారు మూలిగింది. బొమ్మ మాత్రం కడిగిన అద్దంలా వచ్చింది. పసుపు గౌనులో పాప వాకిట్లో సైకిలు తొక్కుతోంది. మోకాలి మీద దెబ్బకు కట్టిన గుడ్డ ముడి కూడా కనిపిస్తోంది. కెమెరా దగ్గరికి వెళ్తే ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుంది. "వద్దు నాన్నా" అంది. పదకొండు నిమిషాల్లో పలికింది ఆ రెండు మాటలే. షావుకారు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఏమీ రాదనుకున్న చోట ఇంత వచ్చింది. లాభమే.

తెర మీదికి మొదటి ఇనప అర వచ్చింది.

"ఆపెయ్" అన్నాడు.

"తిరుగుతోంది కదండీ, మొత్తం దించేద్దాం."

"మూలుగు వినబడటం లేదూ? వాళ్ల పిల్లలవి ఐదున్నాయి. ఎప్పుడో అమ్ముడుపోయిన బోల్టుల కోసం దాని ప్రాణం తీస్తావా?"

ఆపాడు. క్యాసెట్ బయటికి తీయబోతే సగంలో ఇరుక్కుంది. టేపంతా రీలు నుంచి ఊడి లోపలి చక్రాలకు చుట్టుకుపోయింది.

"లాగితే కెమెరా పోతుంది. కోస్తే టేపు పోతుంది" అన్నాడు వీడియో ఆయన.

ఇందులో లెక్క వేయాల్సిందేముంది? ఒక పక్క తోడల్లుడి పిల్లలు, ఇంకో పక్క ఖాళీ అయిన గోడౌన్. ఏరు దాటాక తెప్ప మీద జాలేమిటి?

"కోసెయ్."

కత్తెర పడింది. టేపు ముక్కలు ముక్కలుగా పట్టకారు కొసన బయటికొచ్చి చెత్తబుట్టలో పడింది. కెమెరా బతికింది. చీకటి పడకముందే దాన్ని తోడల్లుడికి అప్పజెప్పి, దించిన వీడియోను పెన్‌డ్రైవ్‌లో పట్టుకుని, మాట దక్కించుకున్న మనిషిలా ఇంటికొచ్చాడు.

భార్య టీవీ ముందు నేల మీద కూర్చుని చూసింది. సైకిలు, గౌను, మోకాలి కట్టు. "వద్దు నాన్నా" దగ్గర ముందుకు వంగింది. తర్వాత తెర నల్లబడింది.

"మిగతాది పెట్టండి."

"అంతే."

"అదేం? మాట్లాడలేదే?"

"కెమెరా పెడితే దానికి సిగ్గు కదా."

"గోడౌన్‌లో సిగ్గేముంది, కెమెరా డబ్బాల మీద ఉంటే? మీరు తీస్తుంటే జాబితా అంతా అదే కదా చదివింది. అరగంట చదివానమ్మా, గొంతు పోయింది అని ఇంటికి రాగానే ఉప్పునీళ్లు పుక్కిలించింది. నేను అడిగింది అదేనండీ. అందులో బోలెడంత మాట ఉంది."

షావుకారు గోడకు ఆనుకున్నాడు. ఏ అరలో ఏముందో ఇన్నేళ్లయినా ఆయనకు గుర్తే. జాబితా పట్టుకుని పక్కన నడిచిన మనిషే గుర్తు లేదు.

"కోయించేశాను" అన్నాడు.

ఆమె నల్లటి తెర వైపు తిరిగింది. "ఏం చదివింది?" అని అడిగింది.

"మొదటి అర. అరంగుళం బోల్టులు, నలభై డబ్బాలు. ముప్పావంగుళం, ఇరవై రెండు."

"అంత గబగబా కాదు. అది ఆగి ఆగి చదివేది."

ఆయన మళ్లీ మొదలుపెట్టాడు, ఆగి ఆగి. మరలు, వాషర్లు, గడియలు, బందులు. ఒక్క అంకె తప్పలేదు. ఆమె కళ్లు మూసుకుని వింది. ఏడో అరకు వచ్చేసరికి చెయ్యెత్తి వద్దన్నట్టు ఆపింది.

"చాలండీ" అంది. "మీ గొంతే వినబడుతోంది."