తిరగేసి కట్టిన తీగలు

వైరు గుచ్చేచోట గరగరమంటోందని చెల్లెలు బేస్ గిటార్‌ని రిపేరుకిచ్చింది. సాయంత్రం షాపులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్క తీగ మీటిందో లేదో, ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడూ కింద ఉండే లావు తీగ పైకెక్కి కూర్చుంది!

"నాలుగు తీగలూ తిరగేసి కట్టానమ్మా," అన్నాడు షాపాయన, పెద్ద ఘనకార్యం చేసినట్టు. "మీది ఎడమచేతి వాటం కదా. ఇన్నాళ్ళూ తలకిందులుగా ఎలా వాయించారో, పాపం!"

"పాపమేంటండీ? పన్నెండేళ్ళుగా అలాగే వాయిస్తున్నాను! గరగర పోగొట్టమంటే తీగల జోలికి మిమ్మల్నెవరు వెళ్ళమన్నారు?"

"దేనికైనా ఒక పద్ధతంటూ ఉంటుంది కదమ్మా."

ఆమె నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. అన్నయ్య. ఇంట్లో ఉన్నది ఈ ఒక్క గిటారే. అన్నయ్య కుడిచేత్తో వాయించి పక్కన పెడితే, తీగలు మార్చకుండా దాన్నే అటు తిప్పి పట్టుకుని ఆమె నేర్చుకుంది.

"గిటార్ తెస్తున్నావా? ఇంకో గంటలో నేను స్టేజీ ఎక్కాలి!"

ఆమె ఫోన్‌ని షాపాయన చేతిలో పెట్టింది.

"మా అన్నయ్య. కుడిచేతి వాటం. ఆ పద్ధతేదో ఆయనక్కూడా చెప్పండి."