జరీ చీర తూకం

పెళ్లిళ్లకు తప్ప పెట్టెలోంచి తీయని జరీ చీరను సుగుణ ఆ రోజు దవాఖానకు కట్టుకుంది. భర్త చెన్నయ్య ఎగాదిగా చూశాడు.

"టీబీ గోలీలకు పోతున్నమా, పేరంటానికా?"

"కట్టుకోబుద్ధయింది, కట్టుకున్న. నీకేం పోయింది?"

సంగతేమిటంటే, పోయిన నెల ఆమె నలభై ఒక్క కిలోలు తూగింది. కనీసం అరకిలో పెరిగితేనే మళ్లీ మగ్గం దగ్గర కూర్చోమని డాక్టరు చెప్పాడు. గద్వాల చీరకు అంచు దారాన్ని నడిమి దారంతో కలపాలంటే నేసేవాడి పక్కన ఇంకో మనిషి ఉండాలి. చెన్నయ్య పక్కన ఇరవై ఏళ్లుగా సుగుణే ఆ మనిషి. సగం నేసిన చీర ఒకటి రెండు నెలలుగా ఆమె కోసం ఆగి ఉంది. దాని మీద కప్పిన గుడ్డను చూస్తే చాలు, ఆమెకు ప్రాణం ఉసూరుమనేది.

దవాఖానలో టీబీ రోగులను చూసుకునే ఆఫియా ఆమెను కాటా ఎక్కించింది. నలభై ఒకటిన్నర.

"షాబాష్ సుగుణక్కా. చీర గూడ మస్తుంది."

"నా నేతనే బిడ్డా," అన్నాడు చెన్నయ్య, మీసం సవరించుకుంటూ. నూలు తూకానికి తీసుకుని చీర తూకానికి ఇచ్చే మనిషి. చేతిలో పట్టుకుంటే చాలు, ఏ చీర ఎంతుంటుందో చెబుతాడు. "గిది తొమ్మిదొందల గ్రాములుంటది. పోయినసారి కట్టిన నూలు చీర నాలుగొందలే. అంటే..."

మాట మధ్యలో ఆగిపోయాడు. సుగుణ అతని వైపు చూసిన చూపు అలాంటిది.

"అంటే పెరిగింది చీరనే," అంది ఆఫియా. "తింటున్నవా అక్కా?"

"తింటున్న."

"ఏం తింటుంది, సగం పల్లెంలనే ఇడిసిపెడ్తది," అన్నాడు చెన్నయ్య.

ఇక దాచి లాభం లేదు. "తిన్నదంతా టీబీ పురుగే తింటదట. కడుపు మాడిస్తే అదే సస్తదని పక్కింటి జములమ్మ చెప్పింది," అంది సుగుణ.

"మరి గోలీలు గూడ జములమ్మనే అడగకపోయినవ్." ఆఫియా కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "జర ఇను. ఊపిరితిత్తులల్ల కావలి కణాలుంటయి. పురుగు రాంగనే మింగుతయి. కొట్లాటకు దిగితే చక్కెరను గబగబ కాల్చుకుంటయి, గప్పుడే వాటికి బలం. పురుగేమో తక్కువదా? కావలోని కడుపులనే దాక్కొని ఆ మంట సల్లార్చజూస్తది, వాని కొవ్వు తిని బతుకుతది. పురుగును సంపనీకి గోలీలున్నయి. నువ్వు మాడితే ముందు నీరసపడేది కావలోడు."

సుగుణకు పాత రాట్నం గుర్తొచ్చింది. పెళ్లైన కొత్తలో ఆమె పని కండెలకు అడ్డు దారం చుట్టి, నాడెలో పెట్టుకోవడానికి భర్తకు అందించడం. ఒక మధ్యాహ్నం రాట్నం దగ్గరే నిద్రపోయింది. గిరాకీ రోజులు, అవతల మగ్గం జోరుగా ఆడుతోంది. కండెలు అయిపోయి మగ్గం ఆగితే అత్త ఆ సంగతి ఆరేళ్లు చెప్పుకుంది.

"అంటే కావలోళ్లు మగ్గం ఆడిస్తుండ్రు, నేను కండెలు సుట్టకుండ పండుకున్న," అంది.

"గట్లనే."

ఆ నెలంతా చెన్నయ్య ఆమెను వదల్లేదు. ఉడికిన గుడ్డు ఒలిచి ఇచ్చినా, రొట్టె మీద పప్పు వేసినా "కండె అందుకో" అనేవాడు. "ఇంకొకటి పెడితే నాడెతోనే కొడ్త," అనేది సుగుణ, తింటూనే.

మళ్లీ నెలకు పాత నూలు చీర కట్టుకుని, కాళ్ల కడియాలు కూడా తీసి పెట్టి కాటా ఎక్కింది. నలభై మూడు. ఆఫియా చెన్నయ్య వైపు తిరిగింది.

"నాలుగొందలే బిడ్డా. ఒట్టు."

ఇంటికి రాగానే సుగుణ మగ్గం మీది గుడ్డ లాగేసి తన చోట కూర్చుంది. నాడె ఇటూ అటూ ఉరికింది. బెత్తెడు నేశారో లేదో ఆమె చెయ్యి ఆగింది.

"ఏందే, దారం తెగిందా?" కంగారుపడ్డాడు చెన్నయ్య.

"కండె అయిపోయింది," అని సుగుణ కొంగుముడి విప్పి, వేయించిన పల్లీలు నోట్లో వేసుకుంది.