ఇంటికొక్కరు

ఇంటికొక్కరు రావాలని గుమ్మంలో బల్లెం పట్టుకుని నిలబడి అడిగితే, మీ ఇంట్లోంచి ఎవరిని పంపుతారు? పవిత్రకు ఆలోచించేంత సమయం దొరకలేదు.

ఆమె నాయన సుంకప్ప పెనుకొండ కోట చూడవచ్చినవాళ్ల కోసం పాతకాలపు సిపాయి వేషం కడతాడు. తలపాగా చుట్టి, డాలు తగిలించి కోట ద్వారం గవనిలో నిలబడగానే ఆ కాలం లేచి వస్తుంది. గుర్రాలు కనబడవు, డెక్కల చప్పుడు మాత్రం వినబడుతుంది. పొద్దున్నే అతని భార్య నీలావతి ఆ దారిలో పడిన గుర్రపు లద్దె గంపకెత్తి బంతిమొక్కలకు వేస్తుంది. పూలు బాగా పూస్తున్నాయి.

సాయంత్రం వేషం విప్పితే అంతా సద్దుమణిగేది. ఆ ఆదివారం అతను విప్పలేదు. ఎదురింటి మురళిని అప్పటికే పిలుచుకుపోయాడు. మురళి గవనిలో అడుగుపెట్టడం వీధంతా చూసింది, అవతల తేలడం ఎవరూ చూడలేదు. చెప్పులు ఇవతలే ఉండిపోయాయి.

"ఏమయ్యా, బల్లెం బయట పెట్టి రా. చూరుకు తగుల్తాది" అంది నీలావతి, గుమ్మంలోకి వచ్చి నిలబడిన మొగుడితో.

సుంకప్ప ఆమెను గుర్తుపట్టలేదు. "గుట్ట కింద శత్రువులు దిగినారు. ఇంటికొక్కరు రావల్ల."

బల్లెం మొన నరేష్ వైపు తిరిగింది. హిందూపురం మిల్లు నుంచి సెలవుకొచ్చిన పవిత్ర తమ్ముడు. చేతిలోని సంగటి ముద్ద పళ్లెంలో జారిపడింది.

కాలేజీ వాదాల్లో ఎప్పుడూ ఓడని పవిత్ర మధ్యలో నిలబడింది.

"ఇంటికొక్కరేనా?"

"ఒక్కరే. అది ఆజ్ఞ."

"ఇద్దర్ని తీసుకుంటే?"

"ఆజ్ఞ తప్పినట్టే."

"ఐతే ఈ ఇంటినుంచి ఒకరు ముందే వచ్చినారు. తొమ్మిదేండ్లుగా మీ గవని కాడనే కాపలా ఉండాడు. పేరు సుంకప్ప."

సిపాయి ఆ పేరును ఒకసారి నోట్లోనే అనుకున్నాడు, ఎప్పుడో విన్న పేరులాగా. సరే అన్నట్టు తలాడించి వెనక్కి తిరిగాడు.

తాను ఎవరిని పంపిందో పవిత్రకు అప్పుడర్థమైంది. "నాయనా" అని పిలిచింది. డెక్కల చప్పుడు ఆ పిలుపును తొక్కుకుంటూ కోట వైపు వెళ్లిపోయింది.

తెల్లారేసరికి గవని ముందు మురళి చెప్పుల పక్కన నాయన చెప్పులున్నాయి. వాటిని ఇంటికి తేనివ్వదు నీలావతి. వచ్చేటప్పుడు బండలకు కాళ్లు కాలతాయట.

పవిత్ర రోజూ పోయి పిలుస్తోంది. ఒక్క గొంతు అంత దూరం పోవడం లేదు. మీరు పెనుకొండకు పోతే ఫొటోలు తర్వాత తీసుకోండి. ముందు ఆ గవనికి ఎదురుగా నిలబడి గట్టిగా పిలవండి: సుంకప్పా, మురళీ, యుద్ధం అయిపోయింది, ఇండ్లకు రాండి.